గ్రాండ్ టూరింగ్ కారు - దాని ఆకర్షణ

వాహనములను గూర్చి ఆలోచించునపుడు మనము సామాన్యముగా వానిని రెండు తరగతులుగా విభజించుకొందుము. ఒకటి అవసరమునకు పనికివచ్చునది. రెండవది ఆడంబరమునకు పనికివచ్చునది. బస్సు, లారీ, సంసారులు కొనుక్కొను చిన్న కారు మొదటి తరగతిలోనివి. సంస్థానాధీశుల ఊరేగింపు కార్లు రెండవ తరగతిలోనివి. ఈ రెండింటిలోను పూర్తిగా ఇమడక, రెండింటి గుణములను కొంత కొంత పుణికిపుచ్చుకొన్న మూడవ జాతి ఒకటి ఉన్నది. ఆంగ్లేయులు దానిని గ్రాండ్ టూరింగ్ కారు అందురు; ఇటలీవారు గ్రాన్ తురిస్మో అందురు. జి.టి. అను రెండక్షరములు దానికి సంకేతము. ఆ అక్షరములు తగిలించుకొన్న ప్రతి కారును ఆ జాతిది కాదు. అసలైన జాతి లక్షణములేమి? కొనగల శక్తి లేనివారినికూడ, కొనవలెనను తలంపే లేనివారినికూడ అది ఎందువలన ఆకర్షించుచున్నది? ఆ ఆకర్షణ గౌరవింపదగినదా, లేక వట్టి మోజా? ఈ ప్రశ్నలను ఈ పూట కొంత విచారింతము.

ముందు పేరును చూతము. పదునేడవ శతాబ్దినుండి ఇంగ్లండులోని సంపన్న కుటుంబముల యువకులు చదువు ముగించిన పిమ్మట ఫ్రాన్సు దాటి, ఆల్ప్స్ పర్వతములు దాటి, ఇటలీ వరకు దీర్ఘయాత్ర చేయుట ఆచారమైనది. రిచర్డ్ లాసెల్స్ అను మతాచార్యుడు 1670లో వెలువడిన తన ఇటలీ యాత్రాగ్రంథములో ఆ యాత్రకు గ్రాండ్ టూర్ అను పేరు వాడినాడు. నెలల తరబడి గుర్రపుబండ్లలో సాగిన ప్రయాణమది. పిదప రైలు వచ్చి ఆ యాత్రను సులభము చేసినది. కాని ప్రయాణికుని కాలసూచికకు కట్టివేసినది. రైలు బయలుదేరమన్నపుడు బయలుదేరవలెను, ఆగిన చోటనే దిగవలెను. మోటారు కారు వచ్చి ఆ స్వేచ్ఛను తిరిగి ఇచ్చినది. 1930 ప్రాంతమున ఆల్ఫా రోమియో సంస్థ తన 1750 సి.సి. కార్లలో ఒకదానికి గ్రాన్ తురిస్మో అని నామకరణము చేసినది. 1951లో లాన్చియా సంస్థ ఔరేలియా బి-20 అను కారుకు అదే బిరుదు నిచ్చి, ఆ యేడే మిల్లె మిలియా అను వేయి మైళ్ల పందెములో రెండవ స్థానము సంపాదించినది. నాటినుండి ఈ పేరు ఒక జాతికి పేరైనది.

ఆ జాతి లక్షణమును ఒక్క మాటలో చెప్పవలెనన్నచో, అది పరస్పర విరుద్ధములైన రెండు గుణముల పొందిక. పందెపు కారు వేగము కలది. కాని దానిని నడిపినవాడు దిగునప్పటికి చెవులు గింగురుమనుచుండును, చేతులు వణకుచుండును. పెద్దమనుషుల కారు సుఖమైనది; కాని వేగముగా పోయినచో మలుపులవద్ద ఓడవలె ఒరిగిపోవును. మొదటిదాని పరుగును రెండవదాని సుఖమును ఒక్కచోట చేర్చుట గ్రాండ్ టూరింగ్ కారు ప్రయత్నము. కావున దాని గొప్పతనమును కొలుచుటకు తగిన సాధనము వేగమును చూపు ముల్లు కాదు; ప్రయాణము ముగిసిన తరువాత ప్రయాణికుని ముఖము. ఉదయమున బయలుదేరి అయిదువందల మైళ్లు పోయి, సాయంకాలము కారు దిగినవాడు నడుము పట్టుకొనక, ముఖము కడుగుకొని నేరుగా భోజనమునకు కూర్చుండి నలుగురితో నవ్వుచు మాటలాడగలిగినచో, ఆ కారు తన పేరు నిలబెట్టుకొన్నట్లు.

ఇట్టి కారుకు అంత శక్తి ఎందుకని అడుగవచ్చును. అందుకు సమాధానము గాలిలో ఉన్నది. వాహనమునకు అడ్డుపడు గాలి నిరోధము వేగము యొక్క వర్గముతో పెరుగును. వేగము రెండింతలైనచో నిరోధము నాలుగింతలగును. ఆ నిరోధమును జయించుటకు ఇంజను చేయవలసిన పని క్షణక్షణమునకు ఎనిమిదింతలగును. గంటకు యాభై మైళ్లకు చాలిన శక్తి నూరు మైళ్లకు ఏమూలకును చాలదు. ఆపుటలోను ఇదే చిక్కు. వేగము రెండింతలైనచో బ్రేకులు అరగదీసి వేడిగా మార్చవలసిన గతిశక్తి నాలుగింతలు. చిన్న ఇంజనుకూడ ఏదో ఒక క్షణమున నూరు మైళ్ల వేగము నందుకొనవచ్చును. కాని గంటల తరబడి ఆ వేగమున పోవునపుడు అది రొప్పుచు, కేకలు వేయుచు, తన ఆయువును తానే హరించుకొనును. పెద్ద ఇంజను మెల్లగా తిరుగుచు అదే పనిని చేయును. ఎక్కువ శక్తి ఉండుట ఆ శక్తినంతను వెచ్చించుటకు కాదు. వెచ్చింపక నిలువ ఉంచుకొనుటకు. ఈ నిలువలోనే ఈ జాతి కార్ల రహస్యమున్నది.

ఇందుకు మంచి ఉదాహరణ 1952లో వెలువడిన బెంట్లీ ఆర్-టైప్ కాంటినెంటల్. దాని కథ యుద్ధమునకు ముందే ఆరంభమైనది. పారిస్‌లో నివసించిన ఎంబిరికోస్ అను గ్రీకు క్రీడాకారుని కొరకు 1938లో ఒక బెంట్లీ కారుకు జార్జ్ పోలాఁ అను ఫ్రెంచివాడు గాలిని చీల్చుకొని పోవునట్టి నున్నని ఆకారమును రూపొందించినాడు. పోలాఁ వృత్తిచే దంతవైద్యుడు, అభిరుచిచే వాహనశిల్పి. ఆ కారు 1939లో బ్రూక్‌లండ్స్ పథముపై ఒక్క గంటలో 114 మైళ్లు పరుగెత్తినది. తరువాత యుద్ధము వచ్చినది. పోలాఁ జర్మను ఆక్రమణకు వ్యతిరేకముగా రహస్యముగా పనిచేసి, పట్టుబడి, 1942లో కాల్చివేయబడినాడు. ఆయన రూపొందించిన కారు మాత్రము యుద్ధమును దాటి బ్రతికినది. పదకొండేండ్ల వయస్సులో, 1949లో, లె మాన్స్ ఇరువదినాలుగు గంటల పందెములో పాల్గొని ఆరవ స్థానమున నిలిచినది.

ఈ కారు నేర్పిన పాఠము బెంట్లీ సంస్థలోనివారు మరువలేదు. ఐవన్ ఎవర్నడెన్ అను ఇంజనీరు, జాన్ బ్లాచ్‌లీ అను రూపశిల్పి కలిసి ఆర్-టైప్ కాంటినెంటల్‌ను తలపెట్టినారు. హక్నల్‌లో విమానముల పరీక్షకై రోల్స్ రాయిస్ వారికున్న గాలిసొరంగములో దాని నమూనాను పరీక్షించినారు. వెనుక భాగమున రెక్కలవలె కొద్దిగా లేచిన అంచులు ఉండుటకు కారణము అలంకారము కాదు. ప్రక్కగాలి తోసినపుడు కారు దారి తప్పకుండుటకు. మరియొక చిక్కు టైర్లది. ఆనాటి టైర్లు అంతటి వేగమున అంతటి బరువును దీర్ఘకాలము మోయలేకుండెను. టైరు బలము పెరుగలేదు గనుక కారు బరువు తగ్గవలసివచ్చినది. బాడీ అల్యూమినియముతో చేసినారు. బంపర్లు అల్యూమినియముతో చేసినారు. సీట్లనుకూడ తేలిక చేసినారు. విలాసవస్తువు అనగా బరువును, నగిషీలను పేర్చుకొనుట అని మన అభిప్రాయము. ఇక్కడ విలాసము వదలివేయుటవలన సిద్ధించినది.

మొదటి నమూనా కారును 1951లో ఫ్రాన్సులోని మోంలేరీ పథముపై పరుగెత్తించినపుడు అది గంటకు 118 మైళ్లకు పైగా సగటు వేగము చూపినది. నలుగురు మనుష్యులు, వారి సామానుతో రోజంతయు నూరు మైళ్ల వేగమున పోగల కారు ఆనాడు లోకములో చాల అరుదు. నాలుగున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను. వెల సుమారు ఏడువేల పౌండ్లు. 1955 వరకు తయారైనవి మొత్తము 208 మాత్రమే. ఇంజను శక్తి ఎన్ని అశ్వబలములో ఆ సంస్థ ప్రకటింపలేదు. చాలినంత ఉన్నది అనుటయే వారి పద్ధతి.

ఈ సందర్భమున మనకొక పాత కథ గుర్తుకు రాకమానదు. భారతమున నలోపాఖ్యానములో, ఋతుపర్ణ మహారాజు దమయంతి పునఃస్వయంవరమునకు ఒక్క దినములో విదర్భకు చేరవలసివచ్చినది. మారువేషమున బాహుకుడై ఉన్న నలుడు అశ్వశాలకు పోయి బక్కచిక్కిన గుర్రములను ఎన్నుకొన్నాడు. రాజు శంకించినాడు. బాహుకుడు తొణకలేదు; అతనికి తెలిసినది గుర్రపు జాతి లక్షణములు గాని పైకి కనబడు కండ కాదు. దారిలో రాజుగారి ఉత్తరీయము జారిపడినది. రథము నిలుపుము, తెప్పించుకొందును అన్నాడు రాజు. అది అప్పుడే ఆమడ దూరమున వెనుకబడినదని సారథి నెమ్మదిగా మనవి చేసినాడు. వేగమును గూర్చి ఇంతకంటె చక్కని వర్ణన మాకు కనబడలేదు. అందులో చప్పుడు లేదు, కుదుపు లేదు, భయము లేదు. రాజునకు తాను ఎంత వేగముగా పోవుచున్నాడో తెలియనే లేదు. జారిన ఉత్తరీయము చెప్పవలసివచ్చినది. గ్రాండ్ టూరింగ్ కారును నిర్మించువారు కోరు సుగుణము సరిగా ఇదియే.

మేము రేడియోలో పనిచేయువారము. శబ్దమును, నిశ్శబ్దమును తూచుట మా వృత్తి. స్టూడియోలో నిశ్శబ్దమును సంపాదించుటకు గోడలకు, తలుపులకు ఎంత శ్రమ పడవలెనో మేమెరుగుదుము. వేగముగా పోవు కారులో నిశ్శబ్దము అంతకంటె కష్టసాధ్యము. వేగము పెరిగినకొలది ఇంజను ధ్వనిని మించి గాలిధ్వని చెవిని పట్టును. రోడ్డుపై టైర్ల ఒరిపిడి దానికి శ్రుతి కలుపును. తలుపు సందులో వెంట్రుకవాసి ఎడమున్నను అది ఈలయై వినబడును. కావున ఆ జాతి కారు తలుపు మూసినపుడు వినబడు మెత్తని చప్పుడును విని కొనుగోలుదారులు తృప్తిపడుట వట్టి షోకు కాదు. అందులో కొంత పరీక్ష ఉన్నది.

అయినను ఆకర్షణ అంతయు ఇంజనీరింగులోనే ఉన్నదని చెప్పిన సత్యము కాదు. కథలకుకూడ అందులో పెద్ద పాలు ఉన్నది. 1930 మార్చిలో, అప్పటి బెంట్లీ సంస్థ అధ్యక్షుడు వుల్ఫ్ బార్నాటో ఫ్రాన్సు దక్షిణ తీరమున కాన్ పట్టణములో ఒక పందెము కాసినాడు. నీలపు రైలు అని ప్రసిద్ధి చెందిన ఎక్స్‌ప్రెస్ కాన్ విడిచి ఉత్తర తీరమున కలే చేరులోపల తాను కారులో ఫ్రాన్సును దాటి, సముద్రము దాటి, లండనులోని తన క్లబ్బు చేరుదునన్నాడు. దారిలో వర్షము, పొగమంచు అతనిని వేధించినవి. అయినను రైలు కలే చేరుటకు నాలుగు నిమిషములు ముందుగా అతడు క్లబ్బులో అడుగుపెట్టినాడు. పిదప టెరెన్స్ క్యూనియో అను చిత్రకారుడు ఆ పందెమును బొమ్మగా వ్రాసినాడు. బొమ్మలో రైలు ప్రక్కన పరుగెత్తుచున్నది వాలు కప్పుతో మిక్కిలి అందమైన ఒక బెంట్లీ కారు. కాని పందెము నాటికి ఆ కారు ఇంకను తయారు కాలేదు. బార్నాటో నడిపినది సాదాగా కనబడు మరియొక బెంట్లీ. చాలకాలమువరకు లోకము అందమైన కారునే నీలపు రైలు కారు అని నమ్మినది. కథకు తగిన రూపమును మనస్సు తానే వెదకికొనును. ఈ కార్లను ప్రేమించువారు కొంతవరకు ప్రేమించునది ఇట్టి కథలనే.

ఇక ఆడంబరముతో దీనికి గల భేదమును చూడవలెను. ఆ భేదమును కంటితో చూచుటకు మనము దూరము పోనక్కరలేదు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌నందు పసుపురంగు రోల్స్ రాయిస్ ఒకటి ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొరకు ఉద్దేశింపబడినది. కారు వచ్చునప్పటికి, 1911లోనే, ఆయన కాలధర్మము చెందినాడు. అందులో వెనుకవైపు అమర్చినది సింహాసనమువంటి ఆసనము. ఎన్నో ఏండ్లలో అది తిరిగినది నాలుగువందల మైళ్లుకూడ లేదని చెప్పుదురు. అది చూడదగిన శిల్పము, సందేహము లేదు. కాని దాని పని రాజును ప్రజలకు చూపుట, ప్రయాణము కాదు. గ్రాండ్ టూరింగ్ కారు ఇందుకు పూర్తిగా వ్యతిరేకము. అది ప్రయాణికునికి లోకమును చూపుటకు పుట్టినది. గరాజులో తాళము వేసి, ఏటికొకసారి తుడిచి, వెల పెరుగుటకై నిలువచేసినచో, ఎంతటి గ్రాండ్ టూరింగ్ కారైనను సింహాసనపు కారే అగును. ఈనాడు ఆర్-టైప్ కాంటినెంటల్‌వంటి వానిలో అనేకములు ఈ గతినే పట్టినవి.

ఇంతవరకు ఒక ప్రక్కనే చెప్పితిమి. రెండవ ప్రక్కను విస్మరించుట న్యాయము కాదు. 1960 జనవరి 4వ తేదీన, 1957లో నోబెల్ బహుమానము పొందిన రచయిత ఆల్బేర్ కామూ, తన ప్రచురణకర్త మిషెల్ గాలిమార్‌తో కలిసి పారిస్‌కు కారులో పోవుచుండెను. ఆ కారు ఫాసెల్ వేగా అను శక్తిమంతమైన ఫ్రెంచి గ్రాండ్ టూరింగ్ కారు. విల్బ్లెవాఁ గ్రామము సమీపమున కారు రోడ్డు విడిచి చెట్టును ఢీకొన్నది. కామూ అక్కడనే మరణించినాడు. గాలిమార్ కొద్ది దినములకు మరణించినాడు. కామూ జేబులో వాడని రైలు టిక్కెట్టు ఉన్నదట. అప్పటికి ఆయన వయస్సు నలువదియారు. వ్రాయవలసినది ఎంతో మిగిలియున్నది. అసంపూర్ణమైన నవల వ్రాతప్రతి ఆ కారులోనే దొరకినది. వేగమును గూర్చి ముచ్చటపడి మాటలాడువారు ఈ టిక్కెట్టునుకూడ జ్ఞాపకముంచుకొనవలెను. నీలపు రైలును గెలిచిన కథ ఎంత నిజమో, ఎక్కని రైలు కథయు అంత నిజము.

మరియొక ఆక్షేపణ. రోడ్డు అందరి సొత్తు. బండి తోలుకొనువాడు, సైకిలు తొక్కువాడు, బడికి పోవు పిల్లలు అందరును దానిపైననే నడువవలెను. గంటకు 190 మైళ్లు పోగల కారు అట్టి రోడ్డుపై తన శక్తిలో ఎన్నవ వంతు వాడగలదు? వాడగలిగినను వాడవచ్చునా? దానికితోడు పెట్రోలు. 1973లో అరబ్బు దేశములు చమురు సరఫరాను బిగించినపుడు ఈ జాతి కార్లను చేయు చిన్న సంస్థలు తల్లడిల్లినవి. ఇటలీలోని ఐసో సంస్థ 1974లో, ఇంగ్లండులోని జెన్సెన్ సంస్థ 1976లో మూతపడినవి. నేడు చమురు దొరకునా అను భయముకంటె, దానిని కాల్చగా వచ్చు వాయువు భూమిని వేడెక్కించుచున్నదను భయము పెద్దది. ఒకని సుఖప్రయాణమునకు లోకమంతయు వెల చెల్లించుట ధర్మమా అను ప్రశ్నను త్రోసిపుచ్చుటకు వీలు లేదు.

ఈ ప్రశ్న వాహన నిర్మాతలకును తప్పలేదు. 1998లో వోక్స్‌వ్యాగన్ చేతికి వచ్చిన బెంట్లీ సంస్థ, 2003లో కాంటినెంటల్ జి.టి. అను కొత్త కారును విడుదల చేసినది. పన్నెండు సిలిండర్లు, ఆరు లీటర్లు, అయిదువందల యాభైకి పైగా అశ్వబలము. ఆ పన్నెండు సిలిండర్ల ఇంజను తయారీ 2024లో ముగిసినది. ఆ యేడే వచ్చిన కాంటినెంటల్ జి.టి.లో ఎనిమిది సిలిండర్ల ఇంజనుకు విద్యుత్ మోటారును జతచేసినారు. బ్యాటరీ నిండుగా ఉన్నచో సుమారు ఎనుబది కిలోమీటర్లు పెట్రోలు చుక్క కాల్చకుండ పోగలదని వారి ప్రకటన. ఇందు విశేషమేమనగా, పెద్ద ఇంజనువలన కోరిన సుగుణములు విద్యుత్ మోటారులో పుట్టుకతోనే ఉన్నవి. అది కదలిన మొదటి క్షణమునుండియే పూర్తి బలముతో లాగును, చప్పుడు చేయదు, రొప్పదు. బాహుకుని రథమునకు ఇదియే సరియైన గుర్రము కావచ్చును. ఇంజను గర్జన లేనిదే ఆకర్షణ లేదని వాదించువారు ఉన్నారు. కాని ఆకర్షణ మొదటినుండియు శక్తి యొక్క నిలువలోను, ప్రయాణ సుఖములోను ఉన్నదే గాని గర్జనలో లేదని పైన చెప్పిన చరిత్రయే సాక్ష్యము.

ఇంతకును ఈ కార్లవలన మనబోటి సామాన్యులకు కలిగిన లాభమేమి? ఆలోచించినచో కొంత ఉన్నది. గాలికి అనువైన ఆకారము, డిస్కు బ్రేకులు, రేడియల్ టైర్లు మొదలైనవానిలో అనేకములు పందెపు కార్లలోను ఇట్టి ఖరీదైన కార్లలోను రాటుతేలి, క్రమముగా చిన్న కార్లకు దిగివచ్చినవి. 1952లో లక్షాధికారికికూడ అరుదైన సౌకర్యము కొంత నేడు హైదరాబాదునుండి విజయవాడకు పోవు మధ్యతరగతి కుటుంబమునకు దక్కుచున్నది. పిల్లలు వెనుక సీటులో నిద్రించుచుండగా, నడుము నొప్పి లేకుండ, మాట వినబడునట్లుగా, బ్రేకు నమ్మదగినదిగా ప్రయాణము సాగుట మన తాతలు ఎరుగని సుఖము. మంచి బస్సులో రాత్రి పడుకొని ఉదయమున హాయిగా లేచిన ప్రయాణికుడును ఆ సుఖములో భాగస్వామియే.

కావున మాకు తోచునది ఇది. గ్రాండ్ టూరింగ్ కారుపై గల ఆకర్షణను వట్టి అసూయ యనియు, వట్టి మోజనియు కొట్టివేయరాదు. దూరము మనిషిని అలసటపెట్టరాదు, బలమున్నచోట నిదానముండవలెను, వేగమున్నచోట నెమ్మది యుండవలెను అను మంచి కోరికలు దాని అడుగున ఉన్నవి. ఆ కోరికలు ధనవంతుల సొత్తు కావు. మంచి వీణను వాయింపలేనివాడును విని ఆనందించునట్లే, మంచి కారును కొనలేనివాడును దాని పనితనమును చూచి ఆనందింపవచ్చును. అట్టి కారు సొంతమైనవాడు మాత్రము ఒక నియమము పాటింపవలెను. తన కారులోని శక్తి తనదైనను, దానిని నడుపు రోడ్డు తనది కాదు. నూటికి డెబ్బది వంతులు శక్తిని నిలువ ఉంచుకొని, తక్కినదానితో నెమ్మదిగా పోవుచు, సైకిలువానికి దారి ఇచ్చి, బడిపిల్లలవద్ద ఆగి, చీకటి పడకముందే ఇల్లు చేరినవాడే ఆ కారును సరిగా నడుప నేర్చినవాడు.